పొయ్యిలు వెలిగించుకోమన్న రోజు

ఇవాళ పొయ్యి వెలిగించుకోవచ్చా లేదా అని ఒక ఊరు ఊరంతా రోజూ పొద్దున్నే నన్ను అడిగేది. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. పెళ్ళి కాలేదు. పప్పు ఉడికించుకోవడం కూడా సరిగా చేతకాదు. అలాంటివాడి నోటిమాట మీద ఊళ్ళో కుండలు పొయ్యెక్కేవి, దిగేవి.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీలాంటి కుర్రాళ్ళు వేసవి వాతావరణ సూచన చూస్తారు. వడగాలులు, అగ్నిప్రమాదాలు జాగ్రత్త, అక్కడక్కడా ఉరుములతో జల్లులు పడే అవకాశం అని ఉంటుంది. చదివి పక్కన పడేస్తారు. నేను ఆ 'అవకాశం' అన్న మాట దగ్గర ఇప్పటికీ ఆగిపోతాను. ఏప్రిల్లో మబ్బు పట్టిందంటే కూర్చున్నచోట కూర్చోలేను. నాలుగుసార్లు డాబా ఎక్కుతాను, నాలుగుసార్లు దిగుతాను. "ఆ మబ్బుకు మీరేమన్నా కాపలా పెట్టిన మనిషా?" అని మా ఆవిడ విసుక్కుంటుంది. ఎందుకు కుదురుండదో ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు. వయసు మీద పడింది, ఇంకా దాచుకుని ఏం చేసుకుంటాను? చెప్పేస్తాను.

యాభైల మధ్య కాలం. ప్రకాశం జిల్లా ఇంకా పుట్టలేదు, అదంతా గుంటూరు జిల్లానే. అద్దంకికీ మార్టూరుకూ నడుమ ఒక నల్లరేగడి ఊరు. ఊరికి ఉత్తరాన సర్కారు వ్యవసాయ ఫారం, ఫారంలో ఒక మూల కంచె వేసి మా వాతావరణ కేంద్రం. కేంద్రం అంటే ఏదో ఊహించుకోకండి. కాళ్ళ మీద నిలబెట్టిన తెల్ల చెక్కపెట్టె ఒకటి, అందులో థర్మామీటర్లు, పక్కన వాన కొలిచే డబ్బా, కొయ్య మీద గాలిసూచి. పనిచేసేది ఇద్దరం. ఒకరు మా పెద్ద అబ్జర్వరు గారు, రెండోవాణ్ణి నేను. ఊళ్ళోవాళ్ళు నాకు 'గాలి గుమాస్తా' అని పేరు పెట్టారు.

ఆ ఊళ్ళో అన్నీ తాటాకు ఇళ్ళు, బోదగడ్డి ఇళ్ళు. ఇంటి పక్కనే చొప్ప వాములు, పత్తికట్టె మోపులు. ఊరి చుట్టూ మిరప కల్లాలు. ఉగాది దాటాక పడమటి గాలి తిరిగిందంటే ఒక్క నిప్పురవ్వ చాలు, వీధికి వీధి బూడిద. అందుకని ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. గాలి పడమర నుంచి గట్టిగా కొట్టే రోజుల్లో మునసబు గారు తలారి చేత దండోరా వేయించేవారు. జాము పొద్దెక్కిన దగ్గర్నుంచి పొద్దుగుంకేదాకా ఎవరూ పొయ్యి రాజేయకూడదు, చుట్ట కాల్చకూడదు. వంటలన్నీ తెల్లవారుజామునే అయిపోవాలి. ఎవరి ఇంటి మీద పొగ కనిపించినా తలారి వెళ్ళి పొయ్యిలో కడివెడు నీళ్ళు గుమ్మరించేవాడు, మునసబు గారి ఇల్లయినా సరే.

మా కేంద్రం రాకముందు మునసబు గారు గుప్పెడు దుమ్ము ఎగరేసి చూసి చెప్పేవారట. మేము వచ్చాక ఆ బరువు మా మీద పడేశారు. రోజూ ఎనిమిదిన్నరకు నేను లెక్కలు రాసుకుంటుంటే కంచె అవతల నిలబడి కేకేసేవారు.

"ఏమయ్యా గాలి గుమాస్తా! ఇవాళ ఊరు తినాలా, పస్తుండాలా?"

అలా అడిగించుకోవడం నాకు ఎంత బాగుండేదో చెప్పలేను. గంభీరంగా ఆకాశం వంక చూసేవాణ్ణి. ఆకాశంలో ఏమీ ఉండేది కాదు, అయినా చూసేవాణ్ణి.

ఇక్కడ పని సంగతి కొంచెం చెప్పాలి, కొంచెమే. తెల్లపెట్టెలో పక్కపక్కన రెండు థర్మామీటర్లు ఉండేవి. ఒకటి మామూలుది. రెండోదాని బుడ్డికి పల్చటి మస్లిన్ గుడ్డ చుట్టి, ఆ గుడ్డ కొసను చిన్న నీళ్ళ గిన్నెలో ముంచి ఉంచుతాం. గాలి ఎండిపోయి ఉంటే తడిగుడ్డ తొందరగా ఆరుతూ చల్లబడుతుంది, రెంటికీ మధ్య తేడా పెరుగుతుంది. గాలిలో తేమ ఉంటే తేడా తగ్గుతుంది. తేడా ఎక్కువైతే నిప్పు భయం, తేడా తగ్గి మబ్బు కూడా పడితే వాన ఆశ. మా విద్యంతా ఆ గుడ్డముక్క తడిలో ఉంది.

ఆ గిన్నెలో ఊరి బావి నీళ్ళు పోయకూడదు, ఉప్పు పేరుకుంటుంది. అందుకని పెద్ద అబ్జర్వరు గారు వానాకాలంలో పట్టిన వాననీళ్ళు రెండు పెద్ద సీసాల్లో దాచేవారు. ఆ ఏడు వాళ్ళమ్మాయి పురుడని ఇరవై రోజులు సెలవు మీద సింగరాయకొండ వెళ్తూ నాకు వేలు చూపించి మరీ చెప్పారు.

"ప్రతి సోమవారం గుడ్డ మార్చు. గిన్నెలో వాననీళ్ళే పొయ్యాలి. మిగతాదంతా నువ్వు తప్పు చేసినా కొంప మునగదోయ్."

ఆయన వెళ్ళిన మూడో రోజుకే పడమటి గాలి తిరిగింది. దండోరా వేయించాను. ఆ ఆంక్ష ముందుగా నా నెత్తినే పడింది. తెల్లవారుజామున లేచి పొయ్యి ముట్టిస్తే, ఊరి ఉప్పునీళ్ళలో కందిపప్పు ఎనిమిదైనా ఉడకదు. పలుగురాళ్ళలా అలాగే ఉంటుంది. నాలుగు రోజులు ఆ రాళ్ళు నమిలాను. మంచినీళ్ళ బావి అడుగంటింది, బండి మీద వచ్చే నీళ్ళు తాగడానికే చాలవు. ఐదో రోజున నా కన్ను సీసాల మీద పడింది. ఒక్క చెంబుడు, అనుకున్నాను. వాననీళ్ళలో పప్పు వెన్నలా ఉడికింది. చెంబు చెంబు అంటూ రెండు సీసాలూ ఖాళీ చేశాను. గిన్నెలో ఉప్పునీళ్ళు పోశాను. నాలుగు చుక్కలకు ఏమవుతుందిలే అనుకున్నాను. సోమవారం గుడ్డ మార్చడం కూడా మంగళవారానికి, అక్కడి నుంచి 'చూద్దాంలే'కి వాయిదా పడింది.

ఆ తాగేనీళ్ళ బండి తోలేది ఒక సాయిబు గారు. నలభై ఐదేళ్ళుంటాయి, మితంగా మాట్లాడే మనిషి. కౌలుకు కొంచెం మిరప వేసేవారు, మిగతా రోజుల్లో బండి. ఆయనకు ప్రాణమంతా ఆ ఎద్దుల జత మీదే. ఆయన భార్యను నేను అక్కా అనేవాణ్ణి, ఆవిడ తమ్ముడూ అనేది. కల్లాల్లో మిరపకాయలకు తొడిమెలు తీయడంలో ఆ చుట్టుపక్కల ఆవిడ చేతిని మించిన చెయ్యి లేదు. వేళ్ళు కదులుతున్నాయో లేదో తెలిసేది కాదు, పక్కన కాయల గుట్ట లేచేది.

అది రంజాను నెల. ఊళ్ళో అందరికీ దండోరా ఒక ఇబ్బందైతే వాళ్ళకు రెండు. పొద్దల్లా మంచినీళ్ళు కూడా ముట్టరు, పొద్దుగుంకే వేళకు గంజి సిద్ధంగా ఉండాలి. పొయ్యేమో పొద్దుగుంకాక గాని వెలిగించడానికి వీల్లేదు. దాంతో, నానబెట్టిన పెసరపప్పు, చల్లనీళ్ళతో ఉపవాసం విడిచేవారు. ఒక్కరు కూడా కట్టుబాటు తప్పలేదు.

ఒకనాటి ఉదయం సాయిబు గారు పీపాలో నీళ్ళు దించి, వెళ్ళకుండా నిలబడ్డారు.

"బాబూ, ఒక మాట. అడగొచ్చో లేదో."

"చెప్పండి సాయిబు గారూ."

"పన్నెండు రోజులైంది వేడిగంజితో ఉపవాసం విడిచి. నాకేం లేదనుకో. మా ఆవిడ ఎండలో కల్లం పని చేసొచ్చి పచ్చిపప్పు నములుతోంది. నిన్న కళ్ళు తిరిగి పడింది. వాన సూచన ఏమన్నా ఉందా అని."

లోపల నాకు అప్పటికే ఉత్సాహం పొంగుతోంది. మూడు రోజులుగా నా రెండు థర్మామీటర్ల మధ్య తేడా తగ్గుతూ వస్తోంది. సముద్రం మీది తేమ లోపలికి వస్తోందని నేను కనిపెట్టేశాను. పది గంటలకు పై ఆఫీసు తంతి వచ్చింది. జిల్లాలో అక్కడక్కడా ఉరుములతో జల్లులు పడవచ్చు అని అందులో ఉంది. 'అక్కడక్కడా' అన్నది నాకు 'ఇక్కడ' అని కనిపించింది. 'పడవచ్చు' అన్నది 'పడుతుంది' అని వినిపించింది. నేరుగా మునసబు గారి అరుగు మీదికి వెళ్ళాను.

"సాయంత్రానికి గ్యారంటీగా వాన పడుతుందండి. దండోరా ఎత్తేయండి. కల్లాల్లో కాయలు తడవకుండా ఇళ్ళకు చేర్చుకోమనండి."

ఆయన దుమ్ము ఎగరేశారు. అది తూర్పుకే పోయింది. "పడమటి గాలి ఇంకా చావలేదయ్యా. రేపటిదాకా ఆగుదామా?"

"దుమ్ముకేం తెలుసండీ, నా దగ్గర లెక్కలున్నాయి. నా మాట పట్టండి."

ఆయన నన్ను కాసేపు చూసి తలారిని పిలిచారు. "ఒరేయ్, పొయ్యిలు వెలిగించుకోవచ్చని చెప్పు. కాయలు ఇళ్ళకు తోలుకోమను."

మధ్యాహ్నానికి పడమర నల్లటి మబ్బు లేచింది. ఊరు ఊరంతా పండగలా ఉంది. గోతాల్లో, బరకాల్లో మిరపకాయలు మోసుకొచ్చి వసారాల్లో, చూరుల కింద గుట్టలు పోశారు. పన్నెండు రోజుల తర్వాత పట్టపగలు ఇళ్ళ మీద పొగ. సాయిబుల వీధిలో వెళ్తుంటే అక్క గుమ్మంలో కనిపించింది, చేతిలో బియ్యం చేట. "నీ పుణ్యమా అని ఇవాళ గంజి కాస్తున్నా తమ్ముడూ. పొద్దుగుంకాక రా, ఒక గిన్నె తాగిపోదువు" అంది. నేను ఛాతీ పొంగించుకుని నడిచాను. అబద్ధమెందుకు, అంత ఆనందం నాకు తర్వాత పెళ్ళిలో కూడా కలగలేదు.

మూడున్నరకు ఏదో తొలిచింది. మబ్బు నెత్తి మీదికొచ్చింది, ఉరుముతోంది, కానీ వాన ముందు వచ్చే చల్లదనం ఒంటికి తగల్లేదు. పెదాలు పగులుతూనే ఉన్నాయి. తేమ ఉంటే పెదాలు ఎందుకు పగులుతాయి? ఫారానికి తిరిగొచ్చాను. సాయంత్రం లెక్కకు ఇంకా రెండు గంటలుంది. అయినా పెట్టె తెరిచి, ఎన్నడూ చేయని పని, గుడ్డను వేలితో ముట్టుకున్నాను.

పెళుసుగా ఉంది. తెల్లగా ఉప్పు కట్టి అప్పడంలా విరిగింది. గిన్నెలో నీళ్ళున్నాయి, గుడ్డ మాత్రం ఎన్నాళ్ళ నుంచో నీళ్ళు పీల్చడం మానేసింది. నేను తడి థర్మామీటరు అనుకున్నది పొడి థర్మామీటరే. రెండు పొడివాటి మధ్య తేడా తగ్గక ఏం చేస్తుంది? కొత్త గుడ్డ చుట్టి, నా తాగే నీళ్ళతో తడిపి విసనకర్రతో విసిరాను. పాదరసం జారడం మొదలుపెట్టింది. నేను చూస్తుండగా జారుతూ, జారుతూ, ఆ వేసవిలో ఎన్నడూ లేనంత కిందికి దిగింది. పైనున్న మబ్బులోంచి పడే వాన నేలను తాకకముందే ఆవిరైపోతుంది. మిగిలేది గాలి ఒక్కటే.

పరుగెత్తాను. ఫారం నుంచి ఊరు అర మైలు. "పొయ్యిలార్పండి! పొయ్యిలార్పండి!" అని అరుస్తూనే ఉన్నాను. సగం దారిలో ఉండగా మబ్బు కింది నుంచి గాలి ఒక్కసారిగా కొట్టింది. కళ్ళ నిండా దుమ్ము. కళ్ళు తుడుచుకుని చూసేసరికి ఊరి పడమటి కొస మీద ఎర్రగా లేచింది.

ఎవరి పొయ్యి నుంచి రేగిందో ఎవరూ తేల్చలేదు. పడమటి వీధిలో ఒక వంటపాక అన్నారు. తాటాకులు మండుతూ ఎగిరి కప్పు మీంచి కప్పు మీదికి దూకాయి. అయినా ఆ ఊరివాళ్ళకు నిప్పుతో పోరాడడం తెలుసు. బారులు తీరి బిందెలు అందిస్తారు, ముందరి ఇళ్ళ కప్పులు లాగేసి దారి తెగ్గొడతారు. ఆ రోజు అది కుదరలేదు. చూరుల కింద పోసిన మిరపకాయలు అంటుకున్నాయి. ఎండుమిరప పొగ మీరెప్పుడైనా ఒక్క కాయ పొయ్యిలో పడినప్పుడు చూసుంటారు. అక్కడ గుట్టలు గుట్టలు. బిందె పట్టుకుని వెళ్ళినవాడల్లా ఊపిరాడక, కళ్ళు కనపడక వెనక్కి వచ్చి పడిపోయాడు. కాయలు కల్లాల్లోనే ఉండి ఉంటే ఈ పొగ ఊళ్ళోకి వచ్చేదే కాదు. వాటిని ఇళ్ళకు మోయించినవాణ్ణి నేను.

పడమటి వీధి సగం, సాయిబుల వీధి మొత్తం పోయింది. ప్రాణాలు పోలేదు. ఆ మాట ఊళ్ళో అందరూ పదే పదే చెప్పుకున్నారు. సాయిబు గారు అప్పుడు నీళ్ళకు వెళ్ళలేదు. గొడ్లను కొట్టంలో కట్టేసి పడమటి వీధికి బిందెలందించడానికి పరుగెత్తారట. నిప్పు వెనక నుంచి తన వీధికి దూకుతుందని ఎవరనుకున్నారు? అక్క ఆ పొగలో కొట్టంలోకి వెళ్ళింది. ఎద్దులు బెదిరి గుంజుతుంటే పలుపుల ముళ్ళు బిగుసుకుపోయాయి. ఒకదాన్ని విప్పింది. రెండోదాని పలుపు అప్పటికే అంటుకుంది. మండుతున్న తాడు ముడిని చేతులతోనే విప్పింది. ఎద్దులు రెండూ బతికాయి. అద్దంకి డాక్టరు ఆవిడ రెండు చేతులకూ కట్లు కట్టి, వేళ్ళు మళ్ళీ ముడుచుకోవడం కష్టమన్నాడు.

వాన పొద్దుగుంకాక నాలుగు చినుకులు పడింది. డబ్బాలో చూస్తే కొలతకు అందలేదు.

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఆ సంగతే నన్ను నిలవనివ్వలేదు. మునసబు గారు మర్నాడు నా భుజం మీద చెయ్యి వేసి, "మబ్బు వచ్చిందా వచ్చింది, ఉరిమిందా ఉరిమింది. దేవుడు వానను పంపినట్టే పంపి వెనక్కి లాక్కున్నాడు. నువ్వేం చేస్తావయ్యా" అన్నారు. తిట్టినా బాగుండేది. అన్నం సహించలేదు, ఒక చోట కూర్చోలేదు. కాలిన వీధుల్లో ఆ కొసకూ ఈ కొసకూ తిరిగాను. వాసాలు మోశాను, బూడిద ఎత్తాను. చూసినవాళ్ళు నన్ను మంచివాడన్నారు.

నాలుగో రోజున పెద్ద అబ్జర్వరు గారు దిగారు. రిజిస్టరు తిరగేసి ఆ మూడు రోజుల అంకెల దగ్గర ఆగారు. తర్వాత అలమర తెరిచి ఖాళీ సీసాలు చూశారు.

"నీళ్ళేవోయ్?"

"పప్పు వండుకున్నానండి."

అలమర తలుపు మూశారు. "ఉడికిందా?" అన్నారు.

"ఉడికిందండి."

ఆ అంకెల కింద ఎర్రసిరాతో గీత గీసి, ఇవి నమ్మదగినవి కావని పక్కన రాసి, నా చేత సంతకం పెట్టించారు. పై ఆఫీసు నుంచి ఒక మెమో వచ్చింది, ఇకముందు జాగ్రత్తగా ఉండవలెను అని. అంతే. నా మీద ఆఫీసు తీసుకున్న చర్య అంతటితో అయిపోయింది. "ఊళ్ళో చెప్పడం, చెప్పకపోవడం నీ ఇష్టం. నేను మాత్రం చెప్పను" అన్నారాయన.

ఆ సాయంత్రమే సాయిబు గారి దగ్గరికి వెళ్ళాను. కాలిన ఇంటి చోట కొత్త పందిరికి గుంజలు పాతుతున్నారు. అక్క ఇంకా అద్దంకిలోనే ఉంది. నిలబడే అంతా చెప్పాను. సీసాలు, పప్పు, గుడ్డ, ఉప్పు, అన్నీ. ఆయన గడ్డపార ఆపకుండా విన్నారు.

"ఆ గుడ్డ తడిగా ఉంటే ఏం తెలిసేది?"

"గాలి ఎండిపోయి ఉందని తెలిసేదండి. పొయ్యిలు వద్దనేవాణ్ణి. కాయలు కల్లంలోనే ఉండేవి."

గడ్డపార ఆగింది. ఆయన మట్టిని కాలితో గుంజ చుట్టూ తొక్కారు. ఒక వైపు తొక్కి, చుట్టూ తిరిగి రెండో వైపు తొక్కారు. కొడతారనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఈ మాట ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదండి. మునసబు గారికి రేపు చెబుదామని..."

"చెప్పకు. చెబితే రేపటి నుంచి నీ మాట ఎవడూ వినడు. పొయ్యి ఆర్పమంటే ఆర్పడు. ఇంకా వేసవి సగం ఉంది, సగం ఊరు మిగిలి ఉంది. నోరు మూసుకుని నీ గుడ్డ తడుపుకో."

"సాయిబు గారూ, నన్ను..."

"క్షమించమని మాత్రం అడక్కు బాబూ. చెప్పొద్దన్నది ఊరి కోసం, ఇది ఊరి కోసం కాదు. నా కోసం."

మళ్ళీ గడ్డపార అందుకున్నారు.

చెప్పలేదు. ఆ ఊళ్ళో ఇంకా నాలుగు వేసవులున్నాను. రోజుకు ఎన్నిసార్లు ఆ గుడ్డను ముట్టి చూశానో నాకే తెలియదు. పెద్ద అబ్జర్వరు గారు నవ్వేవారు, తర్వాత నవ్వడం మానేశారు. అనుమానం వస్తే పొయ్యిలు ఆర్పించాను. అనవసరంగా ఆర్పించిన రోజులూ ఉన్నాయి, ఆడవాళ్ళు నన్ను తిట్టిన తిట్లూ ఉన్నాయి. ఇల్లు మాత్రం మళ్ళీ కాలలేదు. సాయిబు గారు రోజూ నీళ్ళ బండి తెచ్చేవారు, పీపా నింపేవారు. బాబూ అని మళ్ళీ పిలవలేదు. అక్క కల్లాలకు వెళ్ళడం మానేసింది. వేళ్ళు సగం ముడుచుకుని అలాగే ఉండిపోయాయి, తొడిమె పట్టుకోవడానికి లొంగేవి కావు. కనిపిస్తే మాత్రం "తిన్నావా తమ్ముడూ" అని అడిగేది. ఆ మాటకు నాకు ఒళ్ళంతా ముళ్ళు గుచ్చుకున్నట్టుండేది.

బదిలీ వచ్చింది. జూన్ మొదటి వారం, తొలకరి పడింది. బస్సు దగ్గరికి ఊళ్ళో సగం మంది వచ్చారు. మునసబు గారు నాకు దండ వేసి, ఈయన మాట తప్పిన మనిషి కాడు అని అందరికీ వినిపించేలా చెప్పారు. అక్క కూడా వచ్చింది. వంకరపోయిన చేతిని నా తల మీద పెట్టి, "ఆయనకు ఒంట్లో బాగాలేదు తమ్ముడూ, అందుకే రాలేదు. ఏమనుకోకు. నీ వల్లే కదా ఊరు ఇన్నేళ్ళు నిమ్మళంగా ఉంది" అంది. ఇన్నేళ్ళూ ఆయన ఆవిడకు కూడా చెప్పలేదని అప్పుడు తెలిసింది. నేను తల ఎత్తలేకపోయాను, ఊరు వదల్లేక ఏడుస్తున్నాననుకున్నారు.

బస్సు ఊరు దాటి మార్టూరు రోడ్డెక్కింది. రోడ్డు పక్క చేలోనే ఆయన అరక దున్నుతూ కనిపించారు, ఆ ఎద్దులతోనే. ఒంట్లో బాగానే ఉంది. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టాను. బస్సు చప్పుడుకు ఎద్దులు రెండూ తలలు తిప్పి చూశాయి. ఆయన మాత్రం చాలు మీది నుంచి చూపు తిప్పలేదు.